చిలక తిరిగి అనని మాటలు

పొద్దుటి వేళ ఆ లిఫ్టులో జనం ఎంత కిక్కిరిసినా మీటల పక్క మూల మాత్రం ఖాళీగా వదిలేవాళ్ళు. ఆ మూల చిలకది. పేపర్లు వేసేవాడు వచ్చే వేళకి ఎక్కిందంటే, అక్క దుకాణానికి బయల్దేరుతూ "ఇక చాల్లే, ఇంట్లోకి పద" అనేదాకా దిగేది కాదు. పైకి, కిందికి, మళ్ళీ పైకి. ఎవరి మొహమూ చూడదు, ఎవరినీ పలకరించదు. లిఫ్టు ఆగగానే చెప్పు విడిచి, అరికాలు సగం లోపల, సగం బయటి గచ్చు మీద ఆనించి చూసుకుంటుంది. రెండు నేలలూ వెంట్రుకవాసి తేడా లేకుండా కలిశాయా, చేతులు రెండూ పిట్ట రెక్కల్లా టపటపలాడిస్తుంది. కలవలేదా, కాలు వెనక్కి లాక్కుని మొహం గోడకి తిప్పేసుకుంటుంది. ఆ అంతస్తులో దిగేవాళ్ళు తామేదో తప్పు చేసినట్టు తల వంచుకుని దిగిపోయేవాళ్ళు.

చిలక అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు, భవనం పెట్టింది. ఇరవై దాటిన పిల్ల, ఎవరేమంటే అదే మాట, అదే గొంతుతో, అదే సాగదీతతో తిరిగి అంటుంది. "ఎక్కడికమ్మా?" అని అడిగితే "ఎక్కడికమ్మా?" అంటుంది. కొత్తగా అద్దెకొచ్చినవాళ్ళు వెక్కిరిస్తోందనుకుని మొహం మాడ్చుకునేవాళ్ళు. చిన్నప్పుడు చూపిస్తే పెద్దాసుపత్రి డాక్టరు ఆటిజం అన్నాడు. ఆయన గొంతుతోనే ఆ మాట కూడా ఆయనకి అప్పజెప్పేసింది. సొంత మాటలు లేకపోలేదు. కాకపోతే అవి ఆలస్యంగా, అవసరమైతేనే వస్తాయి. లిఫ్టు సంగతయితే మాత్రం అడక్కపోయినా చెబుతుంది. ఆరో అంతస్తు తలుపు రోలరు అరిగిందని, లిఫ్టు జారే ఎడమ పట్టాకి నూనె అందట్లేదని, లిఫ్టుని మోసే ఉక్కు తాళ్ళలో ఒకటి మిగతావాటికంటే బిగువు తగ్గిందని. ఆ కబుర్లు వినే ఓపిక భవనంలో ఎవరికీ లేదు. అక్కకి ఉండేది, అదీ ఆదివారాలు మాత్రమే.

లిఫ్టు ఎక్కి దిగే ఆ పొడుగాటి చీకటి గొయ్యిని రిపేరుకొచ్చే మేస్త్రి బావి అనేవాడు. విని విని అందరికీ అదే అలవాటైంది. ఆ బావికి మాటలు దాచుకునే గుణం ఉంది. లిఫ్టులో ఎవరేమన్నా ఆ మాట అన్నచోటే గోడకి అంటుకుని ఉండిపోతుంది. వారం తర్వాతో, ఇరవయ్యేళ్ళ తర్వాతో, అదే చోట, అదే గొంతులో మళ్ళీ వినిపిస్తుంది. ముసురు రోజుల్లో కాస్త బొంగురుగా, ఎండాకాలం ఖంగుమని. దాన్నెవరూ వింతగా చెప్పుకోరు. కుళాయిలో నీళ్ళు ఫలానా వేళకి వస్తాయన్నంత మామూలుగా అనుకుంటారు. కొత్తగా దిగిన జంటలకి భవనం సెక్రటరీ గారు మొట్టమొదట చెప్పే మాట, పోట్లాడుకోవాలంటే మెట్ల మీద పోట్లాడుకోమని. బేరాలు, చాడీలు, అప్పగింతలు అన్నీ మెట్ల మీదే. మూడో అంతస్తు పెద్దావిడ మాత్రం సాయంత్రం కాగానే తల దువ్వుకుని లిఫ్టెక్కుతుంది. రెండో అంతస్తు దాటాక ఆమె మొగుడు దగ్గుతాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ దగ్గు విని, "మెడకి ఏదన్నా చుట్టుకోమంటే వినరు" అని గొణుక్కుని దిగిపోతుంది.

అక్కకి కూడా అక్కడ ఒక మాట ఉంది. వాళ్ళ ఇల్లు ఐదో అంతస్తులో. సాయంత్రం కళ్ళజోళ్ళ దుకాణం నుంచి వస్తుంటే, లిఫ్టు ఐదుకి చేరబోతూ నెమ్మదించే చోట, రెండేళ్ళ క్రితం పోయిన అమ్మ అడుగుతుంది.

"నేను లేకపోతే ఏం చేస్తావే నువ్వు?"

కోపంగా కాదు. రోజంతా నడిచి వచ్చినట్టు, పక్కనున్న చంటిదాన్ని అడిగినట్టు. ఎప్పుడు అన్నదో తెలీదు. అన్ని రోజులూ వినపడదు. వినపడిన రోజు అక్క గబగబా దిగి, చెప్పులతోనే వంటింట్లోకి పోయి, తోమిన గిన్నె మళ్ళీ తోమేది. పక్కనే ఉన్న చిలకలో మాత్రం చలనం ఉండేది కాదు. దారిన పోయేవాళ్ళ మాటలన్నీ తిరిగి అనే పిల్ల కన్నతల్లి మాట ఒక్కసారీ తిరిగి అనలేదు. ఆ మాటకొస్తే బావిలో వినిపించే ఏ మాటనీ అనలేదు. అక్క మనసులో అదొక ముల్లు. దీనికి అమ్మ గుర్తే లేదు అనుకునేది. అనుకున్నందుకు తన మీద తనకే కోపం వచ్చేది.

ఆ ఏడు వానలు వెనకబట్టాక దుకాణం యజమాని అక్కని పిలిచాడు. వేరే ఊళ్ళో ఇంకో దుకాణం తెరుస్తున్నానని, దాన్ని నువ్వే చూసుకోవాలని అన్నాడు. అద్దం కొలవడం, అంచు అరగదీయడం, మనిషి ముక్కుని బట్టి ఫ్రేము వంచడం, ఇవేవీ ఆమెకి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పక్కన నిలబడి చూసి, చేతులు కోసుకుని నేర్చుకుంది. ఇన్నాళ్ళకి ఒకరు 'నువ్వే' అన్నారు. ఇంటికొచ్చేదాకా నేల మీద నడవలేదు. ఇంటికొచ్చాక చిలకని చూసి, ఆ సంతోషాన్ని దొంగసొత్తులా లోపల దాచుకుంది. మంచం ఈ గోడ నుంచి ఆ గోడకి జరిపినందుకే వారం రోజులు సరిగ్గా తినని పిల్లని ఊరు మార్చడమంటే అయ్యేపని కాదు. పైగా కొత్త ఊళ్ళో దుకాణం కిందే ఒక గది. ఎక్కడానికీ దిగడానికీ ఏమీ లేదు.

ఈ సంగతి పిన్నికి తెలిసింది. పిన్ని అంటే అమ్మకి చెల్లెలు. ఏ పనైనా పట్టుకుంటే తేల్చేదాకా వదలదు. వారం తిరక్కుండా ఊరి చివర ఇలాంటి పిల్లల్ని ఉంచుకునే హోమ్ ఒకటి చూసి వచ్చింది. శుభ్రంగా ఉందంది, వేళకి తిండి, వేళకి నిద్ర, చూసుకునేవాళ్ళు మంచివాళ్ళంది.

"నువ్వేమీ దాన్ని పారేయట్లేదే. అలా చూడకు నన్ను. నీ బతుకు నువ్వు బతకొద్దా? మీ అమ్మ ఉంటే తనూ ఇదే అనేది."

అమ్మ ఏమనేదో అక్కకి తెలుసు. ఐదో అంతస్తు దగ్గర వింటూనే ఉంది. ఆ ప్రశ్నకి జవాబు ఈ హోమేనేమో అనుకుంది.

చిలక అంతా విని, చాలాసేపటికి ఒకటే అడిగింది. "అక్కడ లిఫ్టు ఉందా?"

"ఒకటే అంతస్తమ్మా" అంది పిన్ని. "మెట్లెక్కే బాధే లేదు."

చిలక తిరిగి అనలేదు. లేచి వెళ్ళి తన మూలలో నిలబడింది. నెల మొదటి తారీకున తీసుకెళ్ళేట్టు పిన్ని మాట్లాడేసింది.

మేస్త్రి వచ్చింది సరిగ్గా ఆ రోజుల్లోనే. లిఫ్టు తాళ్ళు అరిగిపోయాయని, మార్చకపోతే తాళం వేసేస్తామని కంపెనీవాళ్ళు సెక్రటరీ గారికి చెప్పారు. మార్చాలంటే ఇద్దరు కావాలి. కొత్త లిఫ్టుల్లో పైన నిలబడి పనిచేసేవాడి చేతిలోనే మీటలుంటాయి. ఈ ముసలి లిఫ్టుకి మీటలు మేడ మీద మోటారు గదిలోనే. కాబట్టి ఒకడు కేబిన్ నెత్తిన నిలబడి కేకేస్తాడు, ఇంకొకడు మోటారు గదిలో మీట నొక్కుతాడు. కేక పడగానే నొక్కకూడదు. కేబిన్ మీదున్నవాడు "కిందికి" అంటే గదిలోవాడు "కిందికి" అని తిరిగి అనాలి. అది విని కేబిన్ మీదవాడు "ఊఁ" అన్నాకే మీట మీద వేలు పడాలి. ఆ పనిలో ప్రాణాలు కాపాడేది ఈ మూడు మాటలే.

ఈ భవనంలో చిక్కల్లా ఆ మూడు మాటలూ బావికి కూడా వచ్చు. మేస్త్రి పాతికేళ్ళుగా అక్కడ వేసిన కేకలన్నీ గోడల్లోనే ఉన్నాయి. కొన్నేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం ఆయన అంచు మీదుగా చెయ్యి కిందికి పెట్టి బోల్టు బిగిస్తుంటే, బావి ఆయన గొంతుతోనే "కిందికి" అంది. గదిలో ఉన్న సహాయకుడు "కిందికి" అన్నాడు. బావే "ఊఁ" కూడా అంది. ఆయన ఎడంచేతికి చివరి రెండు వేళ్ళు లేవు. ఆ తర్వాత ఆ భవనం పేరు చెబితే సహాయకులెవరూ రాలేదు. కంపెనీ కూడా బలవంతం చెయ్యలేదు.

ఆ రోజు మేస్త్రి ఒక్కడే, కొలతలు చూసుకుందామని, మోటారు ఆపించి కేబిన్ నెత్తి మీదికి ఎక్కాడు. కేబిన్ లోపల, తన మూలలో, చిలక ఉంది. ఆయన అలవాటు కొద్దీ తనలో తనే "పైకి" అనుకున్నాడు. కాళ్ళ కింద నుంచి ఆయన గొంతే "పైకి" అంది. కాసేపటికి పక్క గోడలోంచి "కిందికి" అని వినిపించింది, పాతది. కాళ్ళ కింద చప్పుడు లేదు. ఆయన "కిందికి" అన్నాడు. "కిందికి" అంది. బావి ఇంకోసారి అంది. చప్పుడు లేదు. మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చుని ఆడుకున్నట్టు పరీక్షించి, దిగి, చేతులు కడుక్కుని, ఐదో అంతస్తు తలుపు తట్టాడు.

"పెద్దమ్మాయ్, మీ చెల్లిని పనికి పంపిస్తావా?"

అక్క ముందు నవ్వింది. తర్వాత ఆయన ఎడంచెయ్యి చూసింది. పంపించనంది.

"నాకే తేడా తెలీదమ్మా, నా గొంతే అయినా" అన్నాడు ఆయన. "ఆ పిల్ల బతికున్న మాటకే పలుకుతుంది. ఇంకో సంగతి. పని వస్తే ఈ ఒక్క బావితో అయిపోదు. ఊరంతా లిఫ్టులే. మిగతావి నోరెత్తవు కూడాను."

అక్క ఆలోచిస్తానని పంపించేసింది. ఆలోచించలేదు. హోమ్‌కి పట్టుకెళ్ళాల్సిన బట్టలు మడతపెట్టడం మొదలెట్టింది.

మర్నాడు సాయంత్రం దుకాణం నుంచి వచ్చి లిఫ్టెక్కింది. చిలక మూలలో ఉంది. హోమ్ తారీకు దగ్గర పడింది, ఇవ్వాళైనా నెమ్మదిగా నచ్చజెప్పాలి అనుకుంటూ నిలబడింది. ఐదు వస్తుండగా అమ్మ అడిగింది, నేను లేకపోతే ఏం చేస్తావే నువ్వు అని. తలుపు తెరుచుకుంది. అక్కకి కాళ్ళు కదల్లేదు. పై నుంచి ఎవరో పిలిచినట్టున్నారు, తలుపు మూసుకుని లిఫ్టు పైకి సాగింది. ఐదు దాటి ఆమె ఎన్నడూ పైకి పోలేదు. పోవలసిన పని లేదు. ఆరు, ఏడు. ఎవరివో తెలియని నవ్వులు, ఒక ఏడుపు, తాళంచేతుల గలగల. ఎనిమిది దాటాక, మోకాలి ఎత్తు నుంచి వచ్చినట్టు, ఒక చిన్న గొంతు వినిపించింది. ఎవరినీ అనుకరించని, సొంత గొంతు.

"లిఫ్టు చూసుకుంటా."

వెంటనే అమ్మ నవ్వింది. "చూసుకుందువుగాన్లే, ముందు దిగుదాం పద" అంది. అంతే, లిఫ్టు తొమ్మిదిలో ఆగింది.

అక్క చెల్లి వైపు తిరిగింది. "ఇది నీకు తెలుసా?"

"తొమ్మిదికి ముందు" అంది చిలక. "నువ్వు ఐదులో దిగిపోతావు."

"మరి ఇన్నాళ్ళూ అమ్మ అడుగుతుంటే ఎందుకు పలకలేదే?"

చిలక ఆ ప్రశ్నని తిరగేసి చూసుకుని, "పలికాను కదా" అంది.

ఆ సాయంత్రమే అక్క మేస్త్రికి కబురు పెట్టింది. పిన్ని విని నెత్తి కొట్టుకుంది. వేళ్ళు పోయిన మనిషి చేతిలో పెడతావా అంది. చివరికి ఒప్పందం ఏమిటంటే, తాళ్ళు మార్చే పని పూర్తయ్యేదాకా చూస్తారు. సజావుగా జరిగితే చిలక ఈ ఇంట్లోనే ఉండి పని చేసుకుంటుంది. ఏ మాత్రం తేడా వచ్చినా చిలక హోమ్‌కి, అక్క కొత్త ఊరికి. ఇక ఎవరూ ఎదురు చెప్పకూడదు.

మేస్త్రి మొదట చిలకని బావి దగ్గరికి రానివ్వలేదు. మోటారు గదిలో కూర్చోబెట్టి పాత బ్రేకు విప్పి ఇచ్చాడు. రెండో రోజు అది ఆయన కట్టిన దానికంటే బాగా కట్టి ఉంది. డ్రిల్లు చప్పుడుకి ఆమె తల గోడకేసి కొట్టుకుంటుందని తెలిసి, చెవులకి మందపాటి కప్పులు తెచ్చిచ్చాడు. రేపు చెయ్యబోయే పని ఇవ్వాళే, వరస తప్పకుండా చెప్పేవాడు. ఒకసారి ఆ వరస తప్పాడు. పొద్దున్నే వచ్చి, పట్టాలు కడుగుదామన్నవాడు తలుపులు విప్పుదాం రమ్మన్నాడు. చిలక మెట్ల మలుపులో మోకాళ్ళ మధ్య తల దూర్చుకుని కూర్చుండిపోయింది. పిన్ని ఎక్కడ వస్తుందోనని అక్క కింది మెట్ల వైపు చూస్తూ నిలబడింది. మేస్త్రి రెండు మెట్ల కింద కూర్చుని, ఒక రోలరు విప్పడం, ముక్కలు వరసగా పేర్చడం, మళ్ళీ బిగించడం, అదే పని చేస్తూ ఉన్నాడు. ఒకసారి కావాలనే ఒక వాషరు వెయ్యకుండా బిగించాడు. పై మెట్టు నుంచి ఒక చెయ్యి వచ్చి వాషరు అందించింది. ఆ మధ్యాహ్నం పట్టాలే కడిగారు.

తాళ్ళు మార్చే రోజు వచ్చింది. కేబిన్ మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఆపారు. కొత్త తాళ్ళు వేయడం పొద్దున్నే అయిపోయింది. ఇక కేబిన్ కొంచెం కొంచెం జరుపుతూ పట్టాలని గోడకి పట్టి ఉంచే ఇనుప పట్టులు బిగించడమే మిగిలింది. చిలక పైన మోటారు గదిలో. అక్కని కింది అంతస్తులో, తెరిచి ఉన్న బావి తలుపు ముందు, అడ్డకర్ర పెట్టి నిలబెట్టాడు మేస్త్రి. జనాన్ని ఇటు రానివ్వకు అన్నాడు. ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాడు. కింద నిలబడ్డవాళ్ళు నోరు మెదపకూడదు, ఏం విన్నా సరే. పక్కనే కుర్చీ వేసుకుని పిన్ని కూర్చుంది.

మోటారు ఆగితే బావి ఎక్కువ మాట్లాడుతుంది. ఆ రోజు అది మరీ రెచ్చిపోయినట్టు ఉంది. పైన ఎక్కడో లాంతరు వెలుతురు కదులుతోంది, తాళ్ళు సన్నగా వణుకుతున్నాయి. ఆ వణుకు వెంట గొంతులు ఒకదాని మీద ఒకటి జారి కిందికి వస్తున్నాయి. పోయినవాళ్ళ దగ్గులు, పెద్దవాళ్ళయిపోయిన పిల్లల మారాములు, ఎప్పుడో విడిపోయిన ఒక జంట గుసగుసలు. వాటి మధ్య మేస్త్రి కేక, "కిందికి". మేడ మీద నుంచి ఆయన గొంతే, "కిందికి". "ఊఁ". కేబిన్ జానెడు దిగి ఆగుతుంది. మళ్ళీ కేక, మళ్ళీ తిరుగు కేక. వింటుంటే అక్కకి మెల్లిగా గుండె కుదుటపడింది. పిన్ని కూడా కాళ్ళు చాపుకుంది.

తర్వాత కాసేపు చప్పుడు లేదు. బోల్టు బిగిస్తున్న కిర్రుమన్న శబ్దం, అంతే.

"కిందికి."

జవాబు రాలేదు.

"కిందికి" అంది మేస్త్రి గొంతు మళ్ళీ, కాస్త గట్టిగా. మేడ మీద నిశ్శబ్దం. మూడోసారి. విసుగు కూడా ఉంది ఆ గొంతులో, అచ్చం మనిషి విసుక్కున్నట్టు.

పిన్ని ముందుకి వంగింది. "బిగుసుకుపోయిందే అది. నేను చెప్పానా? మెట్ల మీద కూర్చుందట చూడు, అలాగే అయిపోయింది."

బావి మాటేమో అని అక్క ఒక పక్క అనుకుంటూనే ఉంది. కానీ ఆ గొంతు ఎంత బతికి ఉందంటే, కళ్ళు మూసుకుంటే మేస్త్రి తడిసిన చొక్కా కనిపిస్తోంది. నాలుగోసారి "కిందికి" అంది. ఇప్పుడు పలక్కపోతే అంతా అయిపోయినట్టే, ఒక్క మాట అందిస్తే గట్టెక్కుతుంది. పరీక్షలో పక్కనుంచి జవాబు అందించినట్టు, ఆమె అడ్డకర్ర మీదుగా తల లోపలికి పెట్టి అరిచింది.

"కిందికి అంటున్నారు కదే! కిందికి!"

అరిచాక నాలుక కరుచుకుంది. మేడ మీద నుంచి తన గొంతే, అదే ఆత్రంతో, తిరిగి వచ్చింది.

"కిందికి అంటున్నారు కదే! కిందికి!"

ఆ వెంటనే, మూడో అంతస్తు దగ్గర గోడలోంచి, నింపాదిగా, మేస్త్రి గొంతు అంది.

"ఊఁ."

అక్క తాళ్ళ వంక చూసింది. అవి కదిలితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. అవి వణికాయి, ఎప్పటిలా, అంతకంటే కదల్లేదు. పిన్ని లేచి నిలబడి అక్క భుజం పట్టుకుంది. ఎంతసేపో తెలియదు. పైన ఏదో ఇనుప సామాను కేబిన్ నెత్తి మీద పడ్డ చప్పుడైంది. తర్వాత, అన్ని గొంతుల కంటే చిన్నగా, వణుకుతూ ఒక గొంతు, "ఆగు".

"ఆగు" అంది మేడ మీద నుంచి చిలక, అదే వణుకుతో.

మేస్త్రి కేబిన్ నెత్తి మీద నుంచి నాలుగో అంతస్తులోకి దిగి, మెట్లన్నీ నడిచి కిందికి వచ్చాడు. కుడిచెయ్యి మోచేతి దాకా గ్రీజు. అంచు మీదుగా ఆ చెయ్యి మొత్తం గోడకీ కేబిన్‌కీ మధ్య పెట్టి ఉన్నానని చెప్పాడు. కేకలన్నీ విన్నాడు. అవి తనవి కావు, పైన చిలక పలకట్లేదు కాబట్టి నిశ్చింతగా పని చేసుకుంటున్నాడు. ఆడగొంతు తిరుగు కేక వినగానే చెయ్యి లాక్కున్నాడు. ఆ విసురుకి పానా జారిపడింది.

"గోడ మూడు మాటల్లో రెండు చెప్పింది, నువ్వు ఒకటి అందించావు" అన్నాడు అక్కతో. కోప్పడలేదు. పూలకుండీ గట్టు మీద కూర్చుని చాలాసేపు కుడిచేతి వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ ఉన్నాడు. "పెద్దమ్మాయ్, నువ్వు ఈ పనికి పనికిరావు. కళ్ళజోళ్ళే అమ్ముకో."

చిలక కూడా దిగి వచ్చింది. అక్క ముందు నిలబడి, అక్క చెవి పక్కగా ఎటో చూస్తూ, మేస్త్రి గొంతుతో పొల్లుపోకుండా అప్పజెప్పింది. "కింద నిలబడ్డవాళ్ళు నోరు మెదపకూడదు, ఏం విన్నా సరే." చెప్పేసి, మిగిలిన పట్టులు బిగించడానికి మెట్లెక్కి వెళ్ళిపోయింది. మేస్త్రి లేచి ఆమె వెనకే వెళ్ళాడు.

పిన్ని కుర్చీ మడిచి గోడకి ఆనించింది. కొంగుతోనో రుమాలుతోనో కాదు, ఉత్త అరచేత్తో మొహం తుడుచుకుంది.

"హోమ్ వాళ్ళకి నేను ఫోన్ చేస్తాలే" అంది. "ఆదివారాలు నేను వచ్చి వెళ్తుంటాను. వంట దానికి వచ్చుగా?"

"వరసగా చెబితే చేస్తుంది" అంది అక్క.

ఆ తర్వాత చిలక లిఫ్టులో తిరగడానికి తీరిక లేకుండా పోయింది. మేస్త్రి వెంట ఊరంతా తిరిగేది. ఆసుపత్రి లిఫ్టులు, హోటలు లిఫ్టులు, సామాన్లు మాత్రమే ఎక్కే లిఫ్టులు. చొక్కా జేబు మీద కంపెనీ గుర్తు. నోరెత్తని బావుల్లో కూడా ఆమె తిరుగు కేక లేనిదే పైకెక్కనని మేస్త్రి కంపెనీలో చెప్పేశాడు. అరికాలు ఆనించి నేలలు కలిశాయో లేదో చెప్పే మనిషి ఇంకొకరు లేరని, పెద్ద భవనాలవాళ్ళు ఆమెనే పంపమని అడగడం మొదలెట్టారు. సెక్రటరీ గారు మాత్రం లిఫ్టులో ఆ మూల ఇప్పటికీ ఖాళీగానే వదిలిస్తున్నారు.

అక్క కొత్త ఊరికి బయల్దేరిన రోజు ఆ భవనంలోనే పని పడింది. లిఫ్టు ఆపి ఉంది. పెట్టె మోసుకుని మెట్లన్నీ దిగి, కింద తెరిచి ఉన్న బావి తలుపు దగ్గర ఆగింది. అడ్డకర్ర అవతల చీకటి. పైన లాంతరు. వెళ్తున్నానని చిలకకి పొద్దున ఇంట్లో చెప్పింది కానీ, అప్పుడామె బ్రేకు పని వరస నెమరేసుకుంటోంది, విన్నదో లేదో.

చీకట్లోంచి ఎవరో ఆడమనిషి ఆత్రంగా అరిచింది. "కిందికి అంటున్నారు కదే! కిందికి!"

అక్కకి ఆ గొంతు ఎవరిదో గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. గుర్తుపట్టాక మెడ మీద చల్లటి వేలు పెట్టినట్టయింది. దగ్గుల పక్కన, మారాముల పక్కన, పోయినవాళ్ళందరి పక్కన, ఇప్పుడు తనూ ఉంది. ఇంకా ఎన్నేళ్ళు అరుస్తుందో. మేడ మీద నుంచి ఏ జవాబూ రాలేదు.

కింద నిలబడ్డవాళ్ళు నోరు మెదపకూడదు. అయినా ఒక్క మాటేగా అనుకుంది. గొంతు సవరించుకుని, మామూలుగా, సంతోషంగా ఉండేట్టు చూసుకుని, పైకి అంది.

"వెళ్తున్నానే చిలకా."

ఏమీ రాలేదు. తాళ్ళు వణుకుతున్నాయి. ఎవరో దగ్గారు. తను కూడా అప్పుడే అయిపోయిన మాటల్లో కలిసిపోయిందేమో, ఇక్కడ నిలబడ్డది తను కాదేమో అనిపించింది ఒక్క క్షణం.

అప్పుడు మేడ మీద నుంచి, అన్ని అంతస్తులూ దాటుకుంటూ, ఆమె గొంతే దిగి వచ్చింది. "వెళ్తున్నానే చిలకా." ఎక్కడ ఆగిందో అక్కడే ఆగుతూ, ఎక్కడ దిగమింగిందో అక్కడే దిగమింగుతూ. తను ఏడుస్తున్నట్టు అక్కకి అది విన్నాకే తెలిసింది.

"ఊఁ" అంది అక్క, పెట్టె ఎత్తుకుంటూ.